నెలగంట నుంచి భోగి దాకా పిల్లల క్యాలెండర్: మీ ఇళ్లలో ఎలా కట్టారు?

మణికొండ_అమ్మ (నవంబరు 6, 2025)
డిసెంబరు 16న నెలగంట (ధనుర్మాసం మొదలయ్యే రోజు) దగ్గర మొదలుపెట్టి భోగి దాకా, రోజుకో కవరు విప్పి అందులో రాసిన పని ఇంటిల్లిపాదీ కలిసి చేసేలా ఒక క్యాలెండర్ కట్టాలనుకుంటున్నా. పెద్దది నాలుగో తరగతి, చిన్నాడు యూకేజీ. మా పుట్టింట్లో ఈ నెలంతా ఒక సందడి. ఇక్కడ ఫ్లాట్లో మా పిల్లలకి పండగంటే స్కూలు సెలవులు, అంతే. అది నాకు అస్సలు నచ్చట్లేదు.

కవర్లు దేనితో చేస్తే నెల రోజులు ఆగుతాయి? స్కూలున్న రోజున పావుగంటలో అయ్యే పనులేంటి? చిన్నాడు అన్నీ ఒకేసారి విప్పేయకుండా ఏం చెయ్యాలి? ముక్కోటి ఏ కవర్లో పెట్టాలి? చేసినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు
భోగి పిడకలు మొదటి వారంలోనే పెట్టేయండి. మిగతావి ఎటుపోయినా పర్లేదు. అందరూ జనవరి పదో తారీఖున గుర్తొచ్చి చేస్తారు, అవి ఎండవు, మంటలో పొగ తప్ప ఏమీ రాదు. ఆవుపేడ తెచ్చిన రోజే చెయ్యాలి. గారెలా తట్టి, పచ్చిగా ఉండగానే మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. ఎండాక చిల్లు పెట్టబోతే విరుగుతుంది. ఈ నెలలో మంచు బాగా కురుస్తుంది కాబట్టి రాత్రిళ్లు లోపల పెట్టి పొద్దున మళ్లీ ఎండలో వెయ్యాలి, రెండో రోజు తిరగెయ్యాలి. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా అనిపించాలి, అప్పుడు పురికొసకి గుచ్చుకోవచ్చు. పోయినేడు మా మనవరాలి దండ దాని ఎత్తుకి వచ్చిందండి. వీధిలో అంత పొడుగు దండ ఇంకెవరికీ లేదు.

పంచాంగం_పక్షం
ముందు కవర్లు ఎన్నో తేల్చుకోండి. అందరూ కళ్లు మూసుకుని 30 అంటారు. 16 నుంచి లెక్కేస్తే, సంక్రాంతి 14న పడిన ఏడు భోగి దాకా 29 రోజులే. 2025 జనవరిలో అలాగే పడింది, భోగి 13. ఈసారి భోగి 14 బుధవారం, సంక్రాంతి 15. కాబట్టి 30. ఏటేటా అదే క్యాలెండర్ దింపి తగిలించేవాళ్లు ఇది చూసుకోవాలి.

గోదాదేవి_కోవెల
29 ఏమిటండీ? తిరుప్పావైలో ఆండాళ్ తల్లి పాడింది 30 పాశురాలు. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. మా ఇంట్లో పిల్లలు రోజుకో పాశురం నేర్చుకుంటారు, అదే మా క్యాలెండర్. ఒక కవరు తగ్గిస్తే ఏ పాశురం తీసేస్తారు?

పంచాంగం_పక్షం
పాశురాలు 30 ఉన్నాయని సూర్యుడు ధనూరాశిలో 30 రోజులు కూర్చోడు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి ఏడాదిలోకెల్లా దగ్గరగా వస్తుంది. దగ్గరకొచ్చినప్పుడు జోరుగా తిరుగుతుంది. అందుకే ధనూరాశి దాటడానికి ముప్ఫై రోజులు నిండా పట్టవు, ఇరవై తొమ్మిదిన్నర లోపే అయిపోతుంది. అదే మిథునంలో అయితే 31 దాటుతుంది. ఇందులో నా అభిప్రాయం ఏమీ లేదు, లెక్క.

గోదాదేవి_కోవెల
లెక్క మాకూ తెలుసు. 29 వచ్చిన ఏడు చివరి రోజు రెండు పాశురాలు చదువుతాం. అంతేగానీ పాశురం మానుకోం. అలాగే ఆఖరి కవర్లో రెండు పనులు పెట్టుకుంటే సరిపోయేదానికి క్యాలెండర్‌నే కత్తిరించమనడం ఎందుకు? ఇంకో మాట, 27వ పాశురం రోజు కూడారై వేడుక. ఆ కవర్లో చక్కెర పొంగలి తప్ప ఇంకేమీ రాయకండి. మోచేతి దాకా నెయ్యి కారాలని పాశురంలోనే ఉంది. చెంచాడు నెయ్యి వేసి సరిపెట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

సీమ_సైన్సు_సారు
ఇద్దరూ రాశుల దగ్గరే ఆగిపోయినారు. నిజంగా పొద్దు తిరిగేది డిసెంబరు 21న. ఆ రోజే రాత్రి అన్నిటికన్నా పొడుగు. మకర సంక్రాంతికి దానికి ఒకప్పుడు తేడా లేదు. భూమి ఇరుసు మెల్లగా తిరుగుతా ఉండడం వల్ల 72 ఏళ్లకి ఒక డిగ్రీ లెక్కన జరిగి ఇప్పుడు 24 రోజుల దూరం వచ్చింది. పిల్లోళ్లకి ఇది చూపించండి, ఊరికే చెప్పొద్దు.

మేడ మీద ఎండలో ఒక మీటరు కర్ర నిలువుగా నిలబెట్టండి. మధ్యాహ్నం పన్నెండుంబావు దాటినాక నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యేటప్పుడు సుద్దతో గీత గీయించండి. 21 ఆదివారమే పడింది, స్కూలు బాధ లేదు. హైదరాబాదులో నీడ ఇంచుమించు 86 సెంటీమీటర్లు ఉంటుంది. అదే గీత పక్కన భోగి రోజు మళ్లీ గీయిస్తే 80 వస్తుంది. ఆ ఆరు సెంటీమీటర్లే ఉత్తరాయణం. మా బడిలో ఈ గీత చూసిన పిల్లోడు మళ్లీ మర్చిపోడు.

పంచాంగం_పక్షం
సారూ, అయితే పండగ 21న చేసుకోమంటారా?

సీమ_సైన్సు_సారు
అట్ల నేను అన్లేదు. గీత గీయమన్నా. చదవకుండానే మాట అనేస్తారే.

గోదాదేవి_కోవెల
పిల్లల కవర్లలో సెంటీమీటర్లు దేనికండీ, నాలుగు మంచి మాటలు పెట్టుకోండి.

సీమ_సైన్సు_సారు
సెంటీమీటరు చెడ్డ మాట ఎప్పుడైందమ్మా?

ఓరుగల్లు_బిడ్డ
మణికొండల ఉండి అడుగుతుంటే అందరు భోగి పిడకలు, పాశురాలు అనుకుంట గోదారి ఒడ్డుకే తీస్కపోతున్నరు. మా దిక్కు సంక్రాంతి అంటే సకినాలు, పతంగులు, నోములు. ఒక్కరన్న యాది చేసిన్రా? సకినాలు చుట్టుడు పిల్లలకు మస్తు మంచి పని. కొత్త బియ్యం నానవోసి పట్టిచ్చిన తడిపిండిల నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లబట్ట పరిచి దాని మీద వేళ్లతోటి మెలిపెట్టుకుంట గుండ్రంగ చుట్టాలె. పిండి బొటనవేలు, చూపుడువేలు నడుమకెళ్లి సన్నగ జారాలె, తెగొద్దు. యూకేజీ పిల్లగానితోని ఒక్క చుట్టు చుట్టియ్యి, వంకరొస్తె రానియ్యి. బట్ట నీళ్లు పీల్చుకున్నంక నూనెల వెయ్యాలె. ఈ పని ఆదివారంనాడే పెట్టుకో చెల్లె, ఒక్కదానివి చేస్తె నడుం పోతది. పక్కింటోళ్లను పిలువు. మా వాడకట్టుల ఒక్కొక్క రోజు ఒక్కొక్కరింట్ల అందరం కూసుండి చేస్తం, అదే మా క్యాలెండరు.

గోదారి_గట్టు
ఎవరూ తీసెయ్యలేదండి. అడిగినదానికి తెలిసింది చెప్పాం. మీరూ చెప్పండి, కోపం దేనికి?

ఓరుగల్లు_బిడ్డ
ప్రతి ఏడు ఇదే ముచ్చట. పండుగ పేరు చెప్పంగనె ఒక్క దిక్కు బొమ్మనే గీస్తరు. కోపం గాదు, రోషం.

రాత్రి_బడి_అక్క
ఆమె చెప్పింది నిజమే కదా. మా అత్తగారిది కరీంనగర్, మా అమ్మది భీమవరం. మా క్యాలెండర్లో రెండూ ఉంటాయి. నోము రోజు మా పిల్ల పసుపు కుంకుమలు తనే సర్దుతుంది.

పాతకాపు
అన్నీ చదివాను. కాగితం ముక్క మీద రాసి, కవర్లో పెట్టి, దాన్ని చూసి ముగ్గు వేస్తే అది పండగా? మా రోజుల్లో ఎవరూ కవర్లు కట్టలేదు. తెల్లవారుజామున మా అమ్మ కల్లాపి చల్లిన చప్పుడుకే మెలకువ వచ్చేది. హరిదాసు వస్తున్నాడంటే చిడతలు వీధి చివరినుంచే వినపడేవి. పిల్లలు గిద్దెడు బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు, ఆయన మాట్లాడకుండా వంగితే తల మీది అక్షయపాత్రలో పోసేవారు. ఇది కవర్లో ఎలా పెడతారు?

రాత్రి_బడి_అక్క
బాబాయ్ గారూ, మీకు మెలకువ వచ్చేసరికి కల్లాపి చల్లింది మీ అమ్మగారు. పేడ ఎత్తింది, ముగ్గు పిండి దంచింది, పిండి కొట్టింది అన్నీ ఆవిడే. ఆవిడ తలలో క్యాలెండర్ ఉంది కాబట్టే మీకు ఏ కాగితం అవసరం పడలేదు. నేను రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటికొస్తాను. నా తలలో ఇప్పుడు కరెంటు బిల్లూ, పిల్లల పరీక్షలూ ఉన్నాయి. కాగితం మీద రాస్తేనే మా ఆయన చదివి సగం పని చేస్తాడు. చేస్తున్నాడు కూడా. రెండేళ్లుగా పిడకలకి పేడ తెచ్చేది ఆయనే. మమ్మల్ని చిన్నబుచ్చకండి.

పాతకాపు
నేను ఎవరినీ చిన్నబుచ్చలేదు. మా అమ్మ కష్టం నాకు తెలుసు.

ఓరుగల్లు_బిడ్డ
మంచిగ చెప్పినవ్ అక్కా. మగోళ్ల పేరు మీద గూడ కవర్లు ఉండాలె.

పుస్తకాల_బైండరు
అసలు అడిగిన కవర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు ఇదే పని, ఇరవై ఏళ్ల పైబడి చేస్తున్నాను, నేను చెప్తా వినండి. మామూలు తెల్ల కాగితం కవరు వారానికే చెవులు వేలాడేస్తుంది. ఇంట్లో పెళ్లి శుభలేఖల కవర్లు పడుంటాయి, అవి గట్టి కాగితం. పేర్లున్న వైపు లోపలికి వచ్చేలా విప్పి, తిరగేసి మళ్లీ అతికించండి. కాగితం నార ఎటు పోతే అటే మడత పెట్టాలి, అడ్డంగా మడిస్తే పగులుతుంది. తెలుసుకోవడానికి రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి, తేలిగ్గా వంగేది నార దారి.

జిగురుకి ఫెవికాల్ వాడండి. ఇంట్లో మైదా ఉడికించిన జిగురు కూడా బాగా పడుతుంది గానీ బొద్దింకలు నెల తిరక్కుండా అంచులు కొరికేస్తాయి. అందుకే మేం పుస్తకాలకి మైలుతుత్తం కలుపుతాం. అది విషం. పిల్లలు ముట్టుకునే వస్తువులో వద్దు, ఎవరు చెప్పినా కలపొద్దు. ఇంకా గట్టిగా ఉండాలంటే పాత నేత చీర ముక్క మీద ఐదు వరసలు, వరసకి ఆరు చొప్పున జేబులు కుట్టించండి. పదేళ్లు ఉంటుంది. పైన వెదురు కర్ర దూర్చి మేకుకి తగిలించుకోండి.

గుంటూరు_నక్షత్రం
మేం క్రైస్తవులం, మాకు డిసెంబరు 1 నుంచి 24 దాకా ఇదే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అగ్గిపెట్టెలు అతికించి సొరుగుల్లా చేస్తాం. మీ చిన్నాడి సంగతికి మందు ఒకటే. అన్నీ ముందే నింపకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక మర్నాటి చీటీ ఒక్కటే లోపల పెట్టండి. ఖాళీ సొరుగులు ఎన్ని లాగినా దొరికేది ఏమీ ఉండదు, నాలుగో రోజుకి వాళ్లే మానేస్తారు. ఇంకో లాభం, పిల్లకి జ్వరమొస్తే ఆ రోజు పని మార్చెయ్యొచ్చు. ముక్కోటిలా ఏటేటా మారే పండగలకీ అదే దారి. మా ఇంట్లో స్టార్ కట్టే రోజు, కేరల్స్‌కి వెళ్లే రోజు చర్చివాళ్లు చెప్పేదాకా తెలియవు, ముందే రాస్తే అన్నీ తారుమారే. ఈసారి క్రిస్మస్‌కి ఎదురుచూసే ఆగమన కాలం మొదటి ఆదివారం నవంబరు 30నే వచ్చింది కాబట్టి మేం ఇప్పుడే అగ్గిపెట్టెలు పోగేస్తున్నాం. మా పక్కింటి పిల్లలు మా సొరుగులు చూసి వెళ్లి వాళ్లమ్మతో నెలగంట క్యాలెండర్ కట్టించుకున్నారు.

పంచాంగం_పక్షం
ముక్కోటి ఈసారి డిసెంబరు 30, మంగళవారం. అంతకు ముందుది 2025 జనవరి 10న వచ్చింది. అంటే ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండు. 2024లో అసలు లేనే లేదు. చీటీ రాత్రి పెట్టే పద్ధతి మంచిదే. కానీ పంచాంగం దగ్గరుంటే ముందే రాసుకోవచ్చు, తారుమారు అనే మాటే రాదు.

జెర్సీ_చలి
మాకు ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. బయట ముగ్గు వేస్తే మంచు కప్పేస్తుంది, లేదంటే పక్కవాళ్లు వచ్చి ఏమిటి ఈ పొడి అంటారు. నల్ల చార్టు మీద సుద్దతో చుక్కల ముగ్గు వేయిస్తున్నా. నాలుగు చుక్కలు, నాలుగు వరసలు, ఒక మెలిక. వారానికి ఒక చుక్క పెంచుతాం. పండగ వారం పనిరోజులే కాబట్టి భోగి పళ్లు ముందో వెనకో శనివారం పోస్తాం. రేగుపళ్లు దొరకవు. చిన్న ద్రాక్షలు, బంతి రేకులు, నాణేలు కలిపి పోస్తాం. మా బాబు తల మీంచి నాణేలు జారుతుంటే వాడి నవ్వు మా అమ్మకి వీడియోలో చూపిస్తే ఆవిడ ఏడ్చేసింది. అక్కడున్నవాళ్లు శనివారం ఏమిటి, ద్రాక్షలేమిటి అని వంకలు పెట్టకండి. మాకు ఉన్నదాంట్లో చేసుకుంటున్నాం.

చుక్కల_సుందరి
ముగ్గు అన్నారు కాబట్టి చెప్తున్నా. మణికొండ గారూ, కారిడార్లో ముగ్గుకి దుకాణంలో అమ్మే రాతిపిండి వద్దు. పిల్లలు ఊదుకుంటూ వేస్తారు, ఆ దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. బియ్యప్పిండి ఇవ్వండి. చీమలు తింటాయి, పిచ్చుకలు తింటాయి, ముగ్గు పెట్టిందే అందుకని మా నాయనమ్మ చెప్పేది.

గోదారి_గట్టు
బియ్యప్పిండితో గీత నిలవదండి. గాలికి పోతుంది. రాతిపిండితోనే అంత తెల్లదనం. నలభై చుక్కల రథం ముగ్గు బియ్యప్పిండితో వేసి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

చుక్కల_సుందరి
తడి నేల మీద వేస్తే నిలుస్తుంది. పిండి తడిపి వేలి చివరనుంచి జార్చి వేస్తే ఇంకా నిలుస్తుంది, ఆరాక రెండు రోజులు చెక్కుచెదరదు. నాలుగేళ్లుగా మా అపార్టుమెంట్ల ముగ్గుల పోటీలో మొదటి బహుమతి నాదే, అన్నీ బియ్యప్పిండితోనే.

మణికొండ_అమ్మ
చీటీ రాత్రి పెట్టే మాట బంగారం, ధన్యవాదాలు గుంటూరు గారూ. చీర జేబులు కుట్టిస్తున్నా. వాచ్‌మన్ పేడకి ఒప్పుకోడు, లిఫ్ట్‌లో తేవద్దంటాడు. పిడకలు, గొబ్బెమ్మలు ఎలా?

అరిసెల_అత్తయ్య
అరిసెల గురించి ఒక్కరూ ఎత్తలేదు, అదే నా బాధ. ధనుర్మాసం క్యాలెండర్లో అరిసె లేకపోతే ఎలాగమ్మా? నా పాకం తప్పడం ఎవరూ చూడలేదు. పిల్లలకి ఇవ్వాల్సిన పని ఒకటుంది. గిన్నెలో చల్లని నీళ్లు పోసి పట్టుకు కూర్చోమనండి. బెల్లం పాకం బొట్టు అందులో వేస్తే, వేళ్లతో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ కావాలి. కరిగిపోతే ఇంకా రాలేదు, టంగుమంటే దాటిపోయింది. ఆ ఉండ పిల్లలే తీసి చెప్పాలి, తర్వాత తినెయ్యొచ్చు. పొయ్యి దగ్గరకి మాత్రం రానివ్వకండి. బియ్యం ఒక రోజు పూర్తిగా నానాలి కాబట్టి ముందురోజు చీటీలో బియ్యం కడిగి పోయడం, మర్నాడు పాకం. పిండి పట్టించాక తడి ఆరకుండా గిన్నెలో నొక్కి గుడ్డ కప్పాలి. తడి ఆరిన పిండితో అరిసె విరుగుతుంది, ఎంత బెల్లం పోసినా అంతే.

ఓరుగల్లు_బిడ్డ
పతంగుల చీటీల ఒక్క మాట రాయిండ్రి: నైలాన్ మంజా వద్దు. 2017లనే జాతీయ హరిత ట్రిబ్యునల్ బంద్ పెట్టింది, అయినా దొంగతనంగ అమ్ముతున్నరు. బండి మీద పోయేటోళ్ల మెడలు కోస్తది, పిట్టల రెక్కలు కోస్తది. మా తమ్ముని చెయ్యి కోసుకపోయి కుట్లు పడ్డయి. నూలు దారమే కొనుండ్రి. పిల్లలతోని పాత పేపరు, చీపురు పుల్లలతోని పతంగి చేయిస్తె అదొక రోజు పని.

పాతకాపు
పేడ గురించి అడిగారు కదా. గొబ్బెమ్మలకి మూడు ముద్దలు చాలు, గుడి గోశాలకి వెళ్లి మూతపెట్టిన డబ్బాలో తెచ్చుకోండి, వాచ్‌మన్‌కి వాసనే రాదు. బేసి సంఖ్యలో పెట్టాలి. పైన గుమ్మడి పువ్వు దొరక్కపోతే బంతి పువ్వు. మర్నాడు వాటిని పారెయ్యకుండా పిడకలు చేసి దాచండి. వాటిని రథసప్తమికి పొయ్యిలో పెట్టి పాలు పొంగించి పరమాన్నం వండుతారు. ఈసారి జనవరి 25, ఆదివారం. మీ జేబులు 30 దగ్గర ఆపకుండా ఆ రోజుకి ఒకటి విడిగా కుట్టించండి. హరిదాసుకి బియ్యం పోసే చీటీ కూడా పెట్టండి. మీ వైపు రాకపోతే మా ఊరు తీసుకురండి, మా వీధిలో ఇప్పటికీ వస్తాడు.

రాత్రి_బడి_అక్క
బాబాయ్ గారూ, ఇది మంచి మాట. రాసుకున్నా.

గోదారి_గట్టు
ఊరు అంటే గుర్తొచ్చింది, రైలు టిక్కెట్లు తీసుకున్నారా ఎవరైనా? ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు కదా, మునుపట్లా నాలుగు నెలల ముందు కాదు.

పంచాంగం_పక్షం
ప్రయాణం రోజు వదిలేసి అరవై లెక్కపెట్టాలి. జనవరి 10 శనివారం బయల్దేరేవాళ్లకి నవంబరు 11న, 13 మంగళవారం వాళ్లకి 14న. పొద్దున ఎనిమిదింటికి.

జెర్సీ_చలి
మా అమ్మానాన్నలకి నేను ఇక్కడినుంచి తీస్తాను, నా ఖాతాకి ఆధార్ కలపలేదు. కుదురుతుందా?

పంచాంగం_పక్షం
బుకింగ్ తెరిచిన రోజు మొదట్లో ఆధార్ కలిపిన ఖాతాలకే ఇస్తున్నారు. పండగ రైళ్లలో ఆ సమయం దాటాక మీకు వెయిటింగ్ లిస్టే దొరుకుతుంది. మీ నాన్నగారి ఖాతాకి ఇవాళే కలిపించండి.